పిల్లి సాక్షా, కక్షిదారా? పర్యావరణ న్యాయం, జీవావరణ న్యాయం

జపాన్‌లోని మినమాటాలో జబ్బు ముందు పిల్లులకు వచ్చింది. 1950ల మొదట్లో అక్కడి జాలరి పల్లెల్లో పిల్లులు ఉన్నట్టుండి వణికిపోయేవి, గిరగిరా తిరిగేవి, గోడలకు గుద్దుకునేవి, చివరికి సముద్రంలో పడి చచ్చిపోయేవి. పిల్లులు నాట్యమాడే జబ్బు అని జనం దానికో పేరు కూడా పెట్టుకున్నారు. చేపలు చచ్చి తేలాయి. ఎగురుతున్న కాకులు రాలిపడ్డాయి. తర్వాత పిల్లలకు మాట తడబడింది, నడక తప్పింది. 1956 మే 1న ఊళ్లోని రసాయనాల ఫ్యాక్టరీకి చెందిన ఆస్పత్రి నుంచి, అంతుచిక్కని నరాల జబ్బు కనబడుతోందని ఆరోగ్య కేంద్రానికి కబురు వెళ్లింది. మినమాటా వ్యాధిని అధికారికంగా గుర్తించింది ఆ రోజునే అంటారు. పిల్లుల చావులు ఆ తేదీకి ముందువి.

కారణం పాదరసం. అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీలో ఆ ఫ్యాక్టరీ నడిపే చిస్సో కంపెనీ పాదరసం వాడేది. అందులోంచి పుట్టిన మిథైల్ మెర్క్యురీ 1932 నుంచి 1968 దాకా మురుగునీళ్లతో పాటు సముద్రంలోకి పోయింది. ముందు గుల్లల్లోకి, చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి, అక్కడి నుంచి జాలరి కంచంలోకి, కంచంలో మిగిలింది తినే పిల్లి కడుపులోకి చేరింది. 1959లో ఫ్యాక్టరీ ఆస్పత్రి డాక్టర్ హజిమె హొసొకావా ఆ మురుగునీళ్లు కలిపిన తిండి పెట్టి ఒక పిల్లిని పరీక్షించారు. దాని నంబరు 400. దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1970లో చావుబతుకుల్లో ఉన్న డాక్టర్ ఆస్పత్రి మంచం మీద నుంచి వాంగ్మూలం ఇచ్చాకే లోకానికి తెలిసింది. 1973లో కోర్టు కంపెనీదే తప్పని తేల్చింది.

ఆ కేసులో 400 నంబరు పిల్లి గట్టి సాక్ష్యం. అయితే సాక్ష్యంగానే మిగిలింది. నష్టపోయినవాళ్ల జాబితాలో దానికి గానీ, అంతకుముందు చచ్చిన పిల్లులకు గానీ, కాకులకు గానీ, ఆ సముద్రానికి గానీ చోటు లేదు. ఉండాలని అప్పట్లో ఎవరికీ తట్టలేదు కూడా.

పర్యావరణ న్యాయానికీ జీవావరణ న్యాయానికీ తేడా ఇక్కడే పట్టుకోవచ్చు. పర్యావరణ న్యాయం దృష్టిలో పిల్లి సాక్షి. మనిషికి జరిగిన అన్యాయాన్ని రుజువు చేయడానికి పనికొస్తుంది. జీవావరణ న్యాయం దృష్టిలో పిల్లే ఒక కక్షిదారు. దానికీ అన్యాయం జరిగింది, పరిహారమేదో దానికీ దక్కాలి. రెండు మాటలూ ఒకేలా వినిపించడం వల్ల వార్తల్లో, సెమినార్లలో ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటారు. కలిపి వాడితే మామూలుగా పెద్ద నష్టమేమీ ఉండదు. పరిష్కారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది అన్నామన్నది చాలా ముఖ్యమవుతుంది.

తెలుగు మాటలే కొంత దారి చూపిస్తాయి. పర్యావరణం అంటే చుట్టూ ఆవరించి ఉన్నది. ఎవరి చుట్టూ అంటే మన చుట్టూ. నడిమధ్యలో మనిషి ఉంటేనే ఆ మాటకు అర్థం. జీవావరణంలో అలాంటి నడిమి స్థానం లేదు. అందులో మనిషి ఒక జీవి. ఈ అర్థాలు ఎవరో పండితులు ఆలోచించి పెట్టుకున్నవని కాదు గానీ, రెండు న్యాయాల మధ్య గీత సరిగ్గా అక్కడే పడింది. ఆస్ట్రేలియాలో పనిచేసిన నికోలస్ లో, బ్రెండన్ గ్లీసన్ 1998లో ఈ సంగతినే ఇంకోలా చెప్పారు: పర్యావరణాన్ని మనుషులు తమలో తాము పంచుకోవడంలో న్యాయం ఒకటి, మనుషులకూ మిగతా ప్రకృతికీ మధ్య న్యాయం మరొకటి.

చెత్త ఎవరి గుమ్మంలో?

పర్యావరణ న్యాయం తత్వవేత్తల గదుల్లో పుట్టలేదు, రోడ్డు మీద పుట్టింది. 1978లో అమెరికాలోని నార్త్ కరోలినాలో కొందరు పీసీబీ అనే విష రసాయనం కలిసిన నూనెను రహస్యంగా రోడ్ల అంచుల వెంట, సుమారు 240 మైళ్ల పొడవునా పారబోశారు. పట్టుబడ్డారు, శిక్ష పడింది. మరి ఆ విషపు మట్టిని తవ్వి ఎక్కడో ఒకచోట పాతిపెట్టాలి కదా. రాష్ట్ర ప్రభుత్వం వారెన్ కౌంటీని ఎంచుకుంది. రాష్ట్రంలో నల్లజాతి జనాభా శాతం బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి అది, బీద ప్రాంతం కూడా. అక్కడ భూగర్భ జలం పైపైనే ఉండేది. జనం బావుల నీళ్లు తాగేవాళ్లు. విషం పాతడానికి మంచి చోటు అని ఏ ఇంజినీరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేని స్థలం.

1982 సెప్టెంబరులో మట్టి లారీలు రావడం మొదలవగానే జనం వాటికి అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. ఆరు వారాల్లో 500 మందికి పైగా అరెస్టయ్యారు. లారీలు ఆగలేదు. పాతాల్సింది పాతేశారు. అయితే ఆ ఓటమి వృథా పోలేదు. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్ల జాతి న్యాయ కమిషన్ దేశమంతటి లెక్కలు తీసింది. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఎక్కడ ఉంటుందో ఊహించడానికి ఆదాయం కన్నా జాతే బలమైన గుర్తు అని తేలింది. 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వు ఇచ్చాక ఫెడరల్ శాఖలన్నీ ఈ సంగతి పట్టించుకోవాల్సి వచ్చింది. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఉత్తర్వుతో వచ్చిన హక్కు ఉత్తర్వుతోనే పోతుందన్నమాట.

ఇక్కడ వాదన అంతా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. చెత్త ఎవరి వాటాకు వస్తోంది, మేలు ఎవరి వాటాకు పోతోంది? నిర్ణయం తీసుకునే గదిలో ఎవరికి కుర్చీ ఉంది? కుర్చీ ఇచ్చాక అయినా వాళ్ల మాటను మాటగా లెక్కేస్తున్నారా? మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అసలు కిటుకు అంతా దానిలోనే ఉంది. బాధితులు మా ఒంట్లో బాగుండటం లేదు అంటారు. అధికారులు పరిమితికి లోబడే ఉంది అని కాగితం చూపిస్తారు. పరిమితి ఎవరి ఒంటిని లెక్కలోకి తీసుకుని పెట్టారో ఆ కాగితంలో ఉండదు.

ఇంత బలమైన వాదనలోనూ ఒక సందు ఉంది. విషాన్ని అందరికీ సమానంగా పంచేశారనుకుందాం. ప్రతి ఊరినీ అడిగారు, ప్రతి ఇంటికీ పరిహారం ఇచ్చారు, ఎవరికీ ఫిర్యాదు లేదు. ఆ పక్కన నది చచ్చిపోయింది. వాటాల లెక్క ప్రకారం అన్యాయం ఏమీ జరగలేదు. నది ఎవరి వాటాలోనూ లేదు కాబట్టి దాని గురించి అడిగేవాళ్లు లేరు.

ఉద్యమకారులు దీనికి వెంటనే అడ్డు చెబుతారు, అందులో న్యాయం ఉంది. విషాన్ని సమానంగా పంచమని మేం ఎప్పుడూ అడగలేదు, అసలు తయారే చేయొద్దు అన్నాం అంటారు. 1991 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఈ ఉద్యమ మహాసభ 17 సూత్రాలు ప్రకటించింది. వాటిలో మొదటిది జాతి గురించి కాదు, ఆదాయం గురించి కాదు. భూమాత పవిత్రత, జీవజాతులన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉండటం గురించి. అంటే పర్యావరణ న్యాయ ఉద్యమం తన మొదటి వాక్యంలోనే జీవావరణ న్యాయాన్ని ఒప్పుకుంది. అలాంటప్పుడు రెండింటి మధ్య తేడా ఉందనడం పుస్తకాల తగువేనా?

కాదు. సూత్రాల పత్రంలో కలిసిపోయినవి కూడా అర్జీలో విడిపోతాయి. కోర్టుకు వెళ్లినా, ఆఫీసుకు వెళ్లినా అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నీకేం నష్టం? ఆ ప్రశ్నకు మనిషి మాత్రమే జవాబు చెప్పగలడు. ఎంత గొప్ప సూత్రమైనా ఆ కిటికీ దగ్గర మనిషి సైజుకు కుదించుకుపోతుంది.

లోయ తరఫున ఎవరు?

ఆ ప్రశ్నను కావాలనే ఎదిరించిన కేసు ఒకటుంది. కాలిఫోర్నియాలో మినరల్ కింగ్ అనే కొండలోయలో డిస్నీ కంపెనీ పెద్ద స్కీయింగ్ రిసార్టు కట్టాలనుకుంది. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే సియెర్రా క్లబ్ అనే సంస్థ కోర్టుకెళ్లింది. మా సభ్యులు అక్కడ నడకకు వెళతారు, వాళ్లకు నష్టం అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. క్లబ్ పట్టుబట్టి ఆ ముక్క రాయలేదు. లోయ కోసమే వచ్చాం అంది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు 4-3 తేడాతో క్లబ్‌కు ఆ కేసు వేసే అర్హత లేదని తేల్చింది.

ఆ కేసు పైకోర్టుకు వెళుతోందని తెలిసి క్రిస్టఫర్ స్టోన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ చెట్లకు కోర్టులో నిలబడే అర్హత ఉండాలా అని ఒక వ్యాసం రాశారు. ఆ సుప్రీంకోర్టులోని జస్టిస్ విలియం డగ్లస్ ముందుమాట రాయాల్సిన ఒక న్యాయ పత్రిక ప్రత్యేక సంచికలో దాన్ని హడావుడిగా పెట్టించారు, ఆయన కంట పడుతుందని. పడింది. డగ్లస్ తన అసమ్మతి తీర్పులో ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తూ, ఓడకూ కంపెనీకీ చట్టం దృష్టిలో వ్యక్తిత్వం ఉన్నప్పుడు నదికీ లోయకూ ఎందుకు ఉండకూడదని అడిగారు. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేయడం కష్టం. కంపెనీ నోరు తెరిచి మాట్లాడదు, లాయరు మాట్లాడతాడు. పసిపిల్లల ఆస్తి కేసుల్లో సంరక్షకులు మాట్లాడతారు. మూగతనం అడ్డంకి అయితే అది నదికి మాత్రమే అడ్డంకి కావడం వింతే. మినరల్ కింగ్ విషయానికొస్తే, కేసు ఓడిపోయినా లోయ మిగిలింది. రిసార్టు రాలేదు. 1978లో దాన్ని సెకోయా జాతీయ పార్కులో కలిపేశారు.

జీవావరణ న్యాయం వాడే భాష కూడా వాటాల భాషే కావడం గమనించాలి. చాలామంది దీన్ని జాలి, భూతదయ అనుకుంటారు. దయ చూపించేవాడి ఇష్టం, ఇవాళ చూపించి రేపు మానేయొచ్చు. న్యాయం అలా కాదు, అది బాకీ. 2018లో వెలువడిన ఒక అంచనా ప్రకారం భూమ్మీద క్షీరదాల మొత్తం జీవరాశి బరువులో దాదాపు 60 శాతం పెంపుడు పశువులది, 36 శాతం మనుషులది. తిమింగలాలు, ఏనుగులు, జింకలు, ఎలుకలు, గబ్బిలాలతో సహా అడవివన్నీ కలిపితే 4 శాతం. ఒకే ఇంట్లో ఆస్తి ఇలా పంచుకుంటే పెద్దమనుషులు పంచాయితీ పెట్టి ఉండేవాళ్లు. సుమారు 10 లక్షల జీవజాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2019లో ఐక్యరాజ్యసమితి అండతో జరిగిన అంతర్జాతీయ అంచనా చెప్పింది. జీవావరణ న్యాయం ఈ అంకెల్ని దురదృష్టంగా చూడదు, ఒకరి వాటా ఇంకొకరు లాక్కున్న లెక్కగా చూస్తుంది.

దీని సందు కూడా చెప్పుకోవాలి. వాటా ఎవరికివ్వాలి? ఒక్కొక్క జంతువుకా, జాతికా, మొత్తం అడవికా? గలాపగోస్ దీవుల్లో తాబేళ్ల మేత మొత్తం మేకలు మేసేస్తుండేవి. ఓడలవాళ్లు ఏనాడో వదిలిపెట్టిన మేకల సంతతి అది. 1990ల చివర్లో మొదలైన ఏరివేతలో లక్షకు పైగా మేకల్ని చంపారు, చాలా వాటిని హెలికాప్టర్ల నుంచి కాల్చి. ఆఖర్న మిగిలినవి పొదల్లో దాక్కుని దొరకలేదు. అప్పుడు ఒక మేకను పట్టుకుని మెడకు రేడియో కాలర్ కట్టి వదిలారు. మేక ఒంటరిగా ఉండలేదు. తోటివాటిని వెతుక్కుంటూ వెళ్లి వాటి జాడ చూపించింది. వాటిని కాల్చేసి దాన్ని మాత్రం వదిలేసేవారు, మళ్లీ వెతుక్కుంటుందని. ఏసుక్రీస్తును పట్టించిన శిష్యుడి పేరు మీద వాటిని జూడాస్ మేకలు అన్నారు. మేకలు పోయాక దీవుల్లో పచ్చదనం తిరిగొచ్చింది, తాబేళ్లకు తిండి దొరికింది. జీవావరణ న్యాయం లెక్కలో ఇది విజయం. జంతువుల హక్కులు కోరేవాళ్ల లెక్కలో మారణకాండ. రెండూ ప్రకృతి పక్షమే అనుకునేవాళ్లు ఆ మేక వెనకాల ఒక్కరోజు నడిస్తే చాలు.

రెండు ఖాతాలు

సూత్రాల్ని పక్కనబెట్టి పరిష్కారం ఎవరి ఖాతాలో జమ అవుతోందో చూస్తే ఏ న్యాయం జరిగిందో ఇట్టే తెలుస్తుంది. నది పాడైంది, జాలర్లకు డబ్బులిచ్చారు. ఇది పర్యావరణ న్యాయం. నది పాడైంది, నదిని బాగుచేశారు. ఇది జీవావరణ న్యాయం. ఒకటి జరిగితే రెండోది దానంతటదే జరుగుతుందని గ్యారంటీ లేదు. నష్టపరిహారం చెల్లించి నదిని అలాగే వదిలేయడం చాలాసార్లు కంపెనీలకు చౌక.

ఈ సంగతి స్పష్టంగా రాసుకున్న దేశం ఈక్వడార్. 2008లో వచ్చిన అక్కడి రాజ్యాంగం ప్రకృతికి హక్కులు ఇచ్చింది. ఆ వార్త అందరికీ తెలుసు. అంతకన్నా పదునైనది 72వ అధికరణం. ప్రకృతికి తిరిగి కోలుకునే హక్కు ఉంది, దాన్ని మునుపటి స్థితికి తేవడం వేరు, దాని మీద ఆధారపడి బతికే మనుషులకు పరిహారం ఇవ్వడం వేరు అని అది విడదీసింది. ఒక ఖాతాలో కట్టి రెండో ఖాతా మూసేయడానికి వీల్లేదు. ఈ హక్కు మీద 2011లో వచ్చిన తొలి తీర్పుల్లో విల్కబాంబా నది కేసు ఒకటి. రోడ్డు వెడల్పు చేస్తూ రాళ్లూ మట్టీ నదిలోకి తోసేశారు. కోర్టు నది పక్షాన తీర్పిచ్చింది. అర్జీ పెట్టింది మాత్రం కింది ఒడ్డున భూమి ఉన్నవాళ్లు. నది పేరు మీద కేసు నడిచినా దాన్ని కోర్టుదాకా మోసింది మళ్లీ మనిషి నష్టమే. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. నది పక్కన ఎవరూ లేని చోట, ఎవరి పొలమూ కొట్టుకుపోని చోట ఈ హక్కు ఎంతవరకు పనిచేస్తుందన్నదే అసలు పరీక్ష. 2021లో అదే దేశపు రాజ్యాంగ న్యాయస్థానం లాస్ సెడ్రోస్ అనే మేఘాల అడవిలో గనుల అన్వేషణకు ఇచ్చిన అనుమతులు చెల్లవని చెప్పింది. కోతులు, కప్పలు, ఆర్కిడ్ల ఉనికి ఆ తీర్పులో కేవలం సాక్ష్యం కాదు. ఆ పరీక్షలో ఇది చెప్పుకోదగ్గ మార్కే.

న్యూజిలాండ్‌లో వంగనూయి నది సంగతి ఇంకో రకం. సుమారు 290 కిలోమీటర్ల ఆ నదికి 2017లో పార్లమెంటు చట్టం చేసి వ్యక్తిత్వం ఇచ్చింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరుంటారు, ఒకరిని ప్రభుత్వం పెడుతుంది, ఒకరిని నది ఒడ్డు మావోరీ తెగలు పెడతాయి. పై నుంచి చూస్తే ఇది పక్కా జీవావరణ న్యాయం. దగ్గరికెళితే 19వ శతాబ్దం నుంచి ఆ తెగలు చేసిన పోరాటానికి ప్రభుత్వం చేసుకున్న పరిష్కారం ఇది. నేనే నది, నదే నేను అనేది వాళ్ల నానుడి. లాక్కున్న నదిని తెగకు తిరిగి ఇవ్వడమూ, నదిని ఎవరి సొత్తూ కానిదిగా చేయడమూ ఒకే చట్టంలో జరిగాయి. రెండు న్యాయాలూ ఇంత చక్కగా ఒకే గుడ్డలో నేసిన చోటు ఇంకోటి దొరకడం కష్టం. అలాగని మొత్తం దక్కలేదు. అప్పటికే ఉన్న అనుమతుల జోలికి చట్టం పోలేదు. నది ఎగువ నీళ్లను మళ్లించే విద్యుత్ పథకం అలాగే నడుస్తోంది.

అదే నెలలో, 2017 మార్చిలో, ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలు సజీవ వ్యక్తులని ప్రకటించింది. జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి ఆలోచించదగ్గది: వరదలొచ్చి జనం నష్టపోతే పరిహారం ఎవరిమీద వేయాలి? వ్యక్తి అన్నాక కేసు వేయడమే కాదు, వేయించుకోవడం కూడా ఉంటుంది. హక్కుల సంతోషంలో ఈ సగం చాలామంది మర్చిపోతారు.

బిల్లు ఎవరికి?

రెండు న్యాయాలూ ఒకదానికొకటి ఎదురుపడే సందర్భాలు లేవని నమ్మించే వ్యాసాలు చాలా ఉన్నాయి. ప్రకృతి బాగుంటే మనుషులూ బాగుంటారు అని ముగిస్తారు. మినమాటాలో అది నిజం. ఒకే విషం ఇద్దర్నీ చంపింది. బ్విండి అడవిలో మాత్రం ఆ మాట చెల్లదు.

ఉగాండాలోని బ్విండి, పర్వత గొరిల్లాలు మిగిలిన కొద్ది చోట్లలో ఒకటి. 1991లో దాన్ని జాతీయ పార్కు చేశారు. అడవిలో తరతరాలుగా తేనె, దుంపలు, చిన్న జంతువుల వేట మీద బతుకుతున్న బత్వాలను బయటికి పంపేశారు. వాళ్ల పేరు మీద పట్టాలు లేవు కాబట్టి దాదాపు ఏ పరిహారమూ దక్కలేదు. వ్యవసాయం కోసం అడవి నరికినవాళ్లు వాళ్లు కాదు. గొరిల్లాల కథ మాత్రం మంచిదే: 2018 నాటికి లోకంలో పర్వత గొరిల్లాల సంఖ్య 1000 దాటింది, వాటిని తీవ్ర ప్రమాదం జాబితా నుంచి ఒక మెట్టు దించారు. గొరిల్లాలకు వాటా దక్కింది. ఆ వాటా చుట్టుపక్కల అందరి దగ్గరా తలా కొంచెం తీసుకున్నది కాదు, అందరికన్నా నోరు లేనివాళ్ల దగ్గర మొత్తంగా తీసుకున్నది.

జీవావరణ న్యాయం మీద పెట్టాల్సిన అసలు అభ్యంతరం ఇదే గానీ, చెట్టుకు హక్కులేమిటి అనే వెక్కిరింత కాదు. ప్రకృతికి బాకీ తీర్చాల్సింది మానవజాతి అంటారు. వసూలుకు వెళ్లినప్పుడు మానవజాతి ఇంట్లో ఉండదు. అడవి అంచున ఉన్న గుడిసెలో మనుషులు దొరుకుతారు. అడవిని ఎక్కువగా తిన్నవాడు దూరంగా నగరంలో ఉంటాడు, అతను దొరకడు. పర్యావరణ న్యాయం పక్కన లేకపోతే జీవావరణ న్యాయం ఎప్పుడూ దగ్గర్లో దొరికినవాడి దగ్గరే వసూలు చేస్తుంది.

వాతావరణ మార్పు ఈ లెక్కను ఇంకా చిక్కు చేస్తుంది. బట్టమేక పిట్ట బరువైన పక్షి. కళ్లు తలకు చెరో పక్కన ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి సరిగా ఆనదు, ఆనినా ఆ బరువుతో చటుక్కున మళ్లలేదు. భారతదేశపు పడమటి ఎడారిలో మిగిలిన కొద్దిపాటి పక్షులు సౌర, పవన విద్యుత్ తీగలకు తగిలి చచ్చిపోతున్నాయి. 2021లో సుప్రీంకోర్టు తీగల్ని భూమిలోంచి వేయమంది. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదు, బొగ్గు తగ్గించాలంటే ఆ కరెంటు కావాలి అని ప్రభుత్వం వాదించింది. 2024లో కోర్టు తన ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. అదే తీర్పులో వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని కూడా చెప్పింది. పక్షి పక్షం ఒకవైపు, పెరుగుతున్న వేడికి మాడిపోయే మనుషులు ఇంకోవైపు. అదే వేడికి నశించే వేరే జీవజాతులు కూడా ఆ రెండోవైపే. దీంతో జీవావరణ న్యాయం తనలో తానే రెండుగా చీలింది. ఇక అక్కడి ఒరాన్లు అనే ఉమ్మడి పచ్చికబీళ్లలో పశువులు మేపుకునేవాళ్లకు ఆ సౌర పలకలు వచ్చి నేల పోవడమే కష్టం. వాళ్లూ ఆ పిట్టా ఒకే బీడు మీద ఆధారపడ్డారు. ఈ ఒక్కచోట కాపరి గెలిస్తే పక్షీ గెలుస్తుంది. పార్కు పేరుతో కాపరిని వెళ్లగొట్టే బ్విండి దారి ఇక్కడ పక్షికే నష్టం.

ఏ తగువులోనైనా ముందు తేల్చుకోవాల్సింది ఈ సంగతే: బలహీనుడైన మనిషీ, నోరులేని జీవీ ఇక్కడ ఒకే పక్షమా, ఎదురెదురు పక్షాలా? ఒకే పక్షమైతే రెండు న్యాయాల పేర్ల తేడా పెద్దగా అక్కర్లేదు. ఎదురెదురైతే బ్విండిలోలా ఒకరి వాటా తీసి ఇంకొకరికి ఇచ్చి పేరు మంచిగా పెట్టుకోవడం తప్ప, బిల్లు దూరంగా ఉన్నవాడికి పంపే ఏర్పాటు ఇంతవరకూ ఏ దేశమూ గట్టిగా చేసుకోలేదు.

మళ్లీ మినమాటా. 1974లో అఖాతం ముఖద్వారానికి అడ్డంగా వల కట్టారు, విషం తిన్న చేపలు బయటికి పోకుండా. లోపలి చేపల్ని పట్టి డ్రమ్ముల్లో కుక్కారు. 1977 నుంచి 1990 దాకా అడుగున పేరుకున్న పాదరసపు బురదను తోడి, అఖాతంలోనే ఒక భాగాన్ని పూడ్చి సుమారు 58 హెక్టార్ల నేల చేశారు. చేపల డ్రమ్ములూ ఆ నేల కిందే ఉన్నాయి. బాధితులు కొందరు ఆ నేల మీద చిన్న చిన్న రాతి విగ్రహాలు చెక్కి పెట్టారు. చనిపోయిన మనుషుల కోసమే కాదు, చేపలు, పిల్లులు, పక్షులు అన్నిటి కోసం. ఏ కోర్టూ వాళ్లను అలా పెట్టమని చెప్పలేదు.

వలను 1997లో తీసేశారు. అఖాతం కోలుకుందని తేల్చడానికి ఒక కొలత కావాలి కదా. చేపల్లో పాదరసం 10 లక్షల పాళ్లలో 0.4 పాళ్లకు మించకూడదని 1973లో దేశమంతటికీ పెట్టుకున్న పరిమితి ఉంది. దాంతోనే కొలిచారు. చేపలు పరిమితిలోపే ఉన్నాయని తేలింది. ఆ జులైలో గవర్నరు చేపలు సురక్షితమని ప్రకటించారు. తినడానికి.